తాడు ఎవరు పట్టుకున్నారు: పాలమూరు, నల్లమల దారుల్లో ఒక నవల కోసం

నేను రాస్తున్న నవల కృష్ణలో మునిగిన ఒక ఊరిది. ఊరు కల్పితమే గాని మునక నిజం. శ్రీశైలం ప్రాజెక్టు కోసం 1981లో ఏటి ఒడ్డు పల్లెల్ని ఖాళీ చేయించినప్పుడు పదేళ్ళ పిల్లగా మూటాముల్లెతో బండెక్కిన ఒకామె, యాభై దాటాక తిరిగి ఆ నీళ్ళ దగ్గరికి వస్తుంది. కాగితాల్లో దొరికేదంతా హైదరాబాద్‌లోనే చదివేశాను. పరిహారం లెక్కలు, పాత పత్రికలు, నిర్వాసితుల అర్జీలు అన్నీ చూశాను. ఆమె పడవ దిగి ఎటు అడుగేస్తుంది, ఒక చెట్టు ఎదురైతే ఆ చెట్టులో ఏం చూస్తుంది అన్న చోట మాత్రం రాత ముందుకు సాగలేదు. అది నేల మీద తిరిగితే తప్ప తెలిసేది కాదు. అందుకే కార్తీకంలో బయల్దేరాను. వానలు వెనకబట్టి, అడవిలో గడ్డి ఇంకా నిలబడి, జలాశయం నిండుగా ఉండే రోజులు.

ఇలాంటి ప్రయాణాల్లో నాకొక పద్ధతి ఉంది. పగలు కథ జోలికి పోను. కంటికి కనబడింది, చెవిన పడింది, ముక్కుకు, చేతికి తగిలింది మాత్రమే రాసుకుంటాను. పోలికలు రాయను. ‘అందమైన’, ‘అద్భుతమైన’ లాంటి మాటలు అసలే రాయను. రాత్రి అన్నం తిన్నాక ఒక్క పేజీ కథ. మంచులో సిరా అలుక్కుపోతుంది కాబట్టి పెన్సిలే వాడతాను.

సోమవారం, పిల్లలమర్రి

హైదరాబాద్ నుంచి పాలమూరు బస్సు. షాద్‌నగర్ దాటింది మొదలు జడ్చర్ల దాకా రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు, ఈ ఏటికి చివరి కాపు. మంచి సీతాఫలానికి దేశమంతా బాలానగర్ అనే పేరు స్థిరపడింది కూడా ఈ నేల నుంచే. మహబూబ్‌నగర్‌లో దిగి ఆటో ఎక్కితే పిల్లలమర్రి ఎంతో దూరం లేదు.

ఏడు వందల ఏళ్ళ మర్రి అని చెబుతారు. మూడెకరాలకు పైగా పరుచుకుంది. ఇప్పుడు చెట్టు కిందికి పోనివ్వరు, ఎడంగా నిలబడి చూడాలి. 2017 డిసెంబరులో చెదలు తొలిచిన పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. ఆ తర్వాతి ఏడాది కొమ్మలకు సన్నటి రంధ్రాలు చేసి, ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి, క్లోరోపైరిఫాస్ మందు కలిపిన నీళ్ళు బొట్టుబొట్టుగా ఎక్కించారు. వాలిన కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. లేత ఊడలను గొట్టాల్లోంచి దింపి, మట్టీ ఎరువూ అందిస్తూ నేలకు చేర్చారు.

ఒక లేత ఊడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కిందికి దిగుతున్న కొస లేత పసుపు రంగులో, తడిగా ఉంది. దానికి ఒక చెయ్యెత్తు పైన ఎర్రమట్టి రంగు, ఇంకా పైన మానులాగే బూడిద రంగు. నేలకు ఇంకా జానెడు దూరం. ఊడ నేలను అందుకునే దాకా దాని బరువు కూడా కొమ్మే మోయాలి. వేరు తన్నుకున్నాక అదే కొమ్మను మోస్తుంది. ఇన్ని వందల ఊడలు అలా మానులై నిలబడ్డాక, మొదటి మాను ఏదని అడిగితే చెప్పగలిగేవాళ్ళు లేరు.

నా నవల తాతతో మొదలవుతుంది. తాత బావి తవ్వించడం, తండ్రి పొలం పెంచడం, ఆ తర్వాత మునక. చెల్లెలి కూతురు ఒకతి ఎనిమిదో అధ్యాయంలో వస్తుంది. ఇంటికి బరువుగా, నాకూ బరువుగానే ఉంటూ వచ్చింది. ఆ రాత్రి పేజీలో ఆ పిల్ల చేత మొదటిసారి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని నడిపించాను. ఎనిమిదో అధ్యాయం అక్కడి నుంచి తనంతట తాను సాగింది.

మంగళవారం, ఉమామహేశ్వరం

మా చిన్నమ్మ కొడుకు అచ్చంపేటలో ఉంటాడు, బడిపంతులు. ఇక్కడి నుంచి వాడి కారే. రంగాపురం దాటి కొండ ఎక్కాలి. శ్రీశైలానికి నాలుగు ద్వారాలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఇదే. ముందుకు వంగిన పెద్ద రాతి చరియ కిందనే గుడి. చరియలోంచి ఏడాది పొడుగునా నీళ్ళు ఊరుతుంటాయి. పాపనాశనం అంటారు.

“అక్కా, కారు పైదాకా వోతది,” అన్నాడు తమ్ముడు.

“నువ్వు తీసుకురా. నేను నడుస్తా.”

నడక గురించి నాకు పట్టుదల. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో మారిలీ ఒపెజ్జో, డేనియల్ ష్వార్ట్జ్ ప్రచురించిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటి కంటే నడుస్తున్నప్పుడు మనుషులకు తోచే కొత్త ఊహలు సగటున 60 శాతం ఎక్కువని తేలింది. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఆ పెరుగుదల కనిపించింది. అంతకు రెండేళ్ళ ముందు, ఫోన్లూ కంప్యూటర్లూ లేకుండా నాలుగు రోజులు అడవుల్లో నడిచినవాళ్ళకు పదాల మధ్య సంబంధం పట్టుకునే సృజన పరీక్షలో మార్కులు 50 శాతం పెరిగాయని అమెరికాలోనే మరో అధ్యయనం వచ్చింది. అది అడవి మహిమో, ఫోన్ లేకపోవడమో విడదీసి చెప్పలేమని దాన్ని చేసినవాళ్ళే రాశారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

గోడ ముందు నడిచినా ఊహలు వస్తాయంటే కథకులకు అడవి దేనికి? ఎక్కుతూ ఇదే ఆలోచించాను. గోడ ముందు పుట్టే ఊహ నాలో ముందే ఉన్న సరుకుతో తయారవుతుంది. నాకు తెలిసిన పేర్లు, నేను చదివిన పుస్తకాలు, నా చిన్ననాటి జ్ఞాపకాలు అటూ ఇటూ మారి కొత్తగా కలుస్తాయి. నాకు అసలు తెలియని సంగతి నా కథలోకి రావాలంటే అది నాకు వెలుపల ఎక్కడో ఉండాలి, నేను దాని దగ్గరికి పోవాలి. కాళ్ళు ఊహల్ని కదిలిస్తే కదిలించనీ, నేను వచ్చింది ఆ వెలుపలి సరుకు కోసం.

గుడి దగ్గర కార్తీక దీపాలు పెట్టే ఆడవాళ్ళు, వాళ్ళ చేతుల్లోని కొబ్బరి చిప్పల కోసం కాచుకున్న కోతులు. దర్శనం చేసుకుని దిగాం. రాత్రికి మన్ననూరు.

బుధవారం, మన్ననూరు, ఫర్హాబాద్

శ్రీశైలం రోడ్డుకు మన్ననూరు దగ్గర అటవీ శాఖ చెక్‌పోస్టు ఉంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలు పోనివ్వరు. రాత్రంతా రోడ్డు జంతువులది. ఇక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాష్ట్రం ఏర్పడ్డాక నాగార్జునసాగర్‌-శ్రీశైలం అభయారణ్యంలోని తెలంగాణ భాగం వేరుపడి ఈ పేరు తెచ్చుకుంది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు.

తెల్లవారగానే సఫారీ జీపు. డ్రైవరు పక్కన మాకు దారి చూపే యువకుడు చెంచు. పెద్దగా మాట్లాడడు. అడవి లోపలికి కొంచెం పోగానే జీపు ఆపించి, దిగి, దారి మధ్య మట్టిలో కూర్చున్నాడు. మమ్మల్ని కూడా చూడమన్నాడు.

పులి అడుగు. నా అరచెయ్యి పట్టేంత. నాలుగు వేళ్ళు, వెనక మెత్త. నేను చూసింది ఆ ఆకారమే. అతను అంచు చూస్తున్నాడు. మెత్తటి దుమ్ములో అడుగు అంచు మీద ఆవగింజంత గుంటలు వరసగా పడి ఉన్నాయి.

“గివి మంచుబొట్లు, మేడం. పైన కొమ్మలకెంచి రాలినయి. అంటే మంచు వడకముందె పులి వోయింది. పొద్దు గూకినంక, అర్ధరాత్రి లోపల.”

అడుగు మధ్యలోంచి సన్నటి గీత ఒకటి అడ్డంగా పోయింది. పేడపురుగు నడిచిన జాడ. ఆ గీత మీద మంచు గుంటలు లేవు. కాబట్టి పురుగు తెల్లవారాక వచ్చింది. పులి అడుగు కింద సగం అణిగిపోయిన దుప్పి గిట్ట. అంటే దుప్పి ముందు. రెండు చెట్ల మధ్య సాలెగూడు చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి పులి ఆ వైపు పొదల్లోకి దిగలేదు, దారి వెంటే పోయింది.

“దుప్పి, గా తర్వాత పులి, గప్పుడు మంచు, గిప్పుడు పురుగు,” అని వేళ్ళు మడిచి చెప్పి లేచాడు.

నేను కాసేపు లేవలేదు. కథకు కావలసిందంతా ఆ మూరెడు మట్టిలో ఉంది. ఎవరు ముందు, ఎవరు వెనక, మధ్యలో ఎంత సమయం గడిచింది, ఎవరు ఎవరిని చూశారు, ఎవరు ఎవరినీ చూడకుండానే దాటిపోయారు అన్నీ. మొట్టమొదట కథ చెప్పినవాడు వేటగాడే అయి ఉండొచ్చని ఇటలీ చరిత్రకారుడు కార్లో గింజ్‌బర్గ్ 1979 నాటి ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. మౌనంగా మిగిలిన జాడల్లోంచి జరిగిన వరసను చదవగలిగింది వేటగాడే కదా. చదివినప్పుడు మంచి ఆలోచన అనిపించింది. మన్ననూరు మట్టిలో అది కళ్ళ ముందు జరుగుతుంటే చూశాను. సంఘటన జరిగేటప్పుడు అక్కడ లేనివాళ్ళు మిగిలిన గుర్తులతో దాన్ని నిలబెట్టడమే కదా నేనూ చేస్తున్నది? 1981లో నేనా ఒడ్డున లేను. నా దగ్గర ఉన్నవి అడుగులే, వాటి మీద పడిన మంచు గుంటలే. అయితే గుర్తును గుర్తులాగే చూపించి, దాని మీద పడినదేదో కూడా చూపిస్తే పాఠకులు వరసను తామే కట్టుకుంటారు. ఊరు ఖాళీ అయిన రాత్రిని నేను పూసగుచ్చినట్టు వర్ణించి పెట్టుకున్నాను. అది తీసేసి మర్నాటి పొద్దున ఆ ఇంటి ముంగిలిని మాత్రం రాయాలని అక్కడే నిర్ణయించుకున్నాను. తడి ముగ్గు, ముగ్గు మీద బండి గీరు, గీరు మీద కోడి అడుగులు.

కొంచెం ముందుకు పోయాక ఎడమ లోయలో కొండెంగ దగ్గింది. ఒక్కసారి కాదు, ఆగకుండా. దుప్పులు కూడా అందుకున్నాయి. జీపు ఇంజను ఆపి అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. ఏమీ రాలేదు. దగ్గు ఆగింది. ఒక టేకాకు రాలింది. పురుగు తినగా ఈనెలు మాత్రమే మిగిలిన ఆకు, దాంట్లోంచి ఆకాశం కనబడుతుంది. పులి కనబడలేదని వెనక సీట్లో వాళ్ళు నిట్టూర్చారు. నాకా లోటు లేదు. ఏమీ జరగని ఆ నిరీక్షణ ఎంత నిండుగా ఉందో వాక్యాల్లో పెట్టడానికి ఆ రాత్రంతా పట్టింది.

ఫర్హాబాద్ వ్యూ పాయింట్ నుంచి చూస్తే కింద కనుచూపు మేర అడవే. ఫొటోలు తీసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను తొందరగానే వచ్చేశాను. అంత ఎత్తు నుంచి చూసిన అడవిలో మనిషి ఉండడు, నా కథలో అందరూ కింద నడిచేవాళ్ళే.

తిరుగుదారిలో ఒక ఇప్పచెట్టు కింద ఆగాం. మా తమ్ముడు నీడ బాగుందన్నాడు. వెనక సీట్లో కర్ర వ్యాపారం చేసే ఒకాయన ఉన్నాడు, మాను చుట్టుకొలత ఎంతుంటుందని అడిగాడు. చెంచు యువకుడు తల పైకెత్తి, ఏ కొమ్మ పోయినేడు పూసిందో, ఏది పూయలేదో చూశాడు. ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది. తెల్లారేలోపు పోతే మనిషికి, ఆలస్యమైతే ఎలుగుబంటికి, దుప్పికి. పలుకుల నుంచి నూనె తీస్తారు. ఒక్క చెట్టు, మూడు చూపులు. ప్రకృతి వర్ణన అని మనం రాసే పేరాలు చాలావాటిలో చూసేవాళ్ళు ఎవరో తెలియదు. చెట్టు ఉంటుంది, గాలి ఉంటుంది, కన్ను ఉండదు. పాత్ర కన్ను ఏది వెతుకుతోందో తెలిస్తే ఒకే వాక్యంలో చెట్టూ వస్తుంది, మనిషీ వస్తుంది. నా కథలో ఆమె చింతచెట్టును చూసినప్పుడు కాయ కోసం చూస్తుందా, ఉయ్యాల తాడు రాసుకుపోయిన కొమ్మ కోసం చూస్తుందా? ఇది తేలకుండా ఆ చెట్టును రాసినా చెట్టు రాదు.

సాయంత్రం ఆ యువకుడే వాళ్ళ పెద్దనాన్న దగ్గరికి తీసుకుపోయాడు. ముసలాయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా నవలలో కొండ మీంచి ఊరికి తేనె తెచ్చే ఒక చెంచు ఉన్నాడు. అతనికి ఒక పేరు, ఒక ముంత తప్ప ఇంకేం లేదు. నేను కథలు రాస్తానని, తేనె తీయడం గురించి చెబితే వింటానని అడిగాను.

ఎండాకాలం రాతి చరియలకు పట్టే పెద్ద తేనెపట్టుల గురించి చెప్పాడు. చరియ పైనుంచి తాడు కట్టుకుని దిగాలి, పొగ పెట్టాలి, ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కోత. ఈగ రేగితే చెయ్యి వదలకూడదు.

“పైన తాడు ఎవరు పట్టుకుంటరు, తాతా?”

“బామ్మర్ది.”

“వేరేవాళ్ళు పట్టరా? సొంత తమ్ముడు?”

“తమ్ముడెందుకు వడతడు బిడ్డా! బామ్మర్దే వట్టాలె. తాడిడిస్తె ఆని అక్క ముండమోస్తది గద. గాడు ఇడువడు.”

నేను చేతిలో పెన్సిలు అట్లే పెట్టుకుని ఉండిపోయాను. ముంత పట్టుకుని వచ్చే ఆ మనిషికి ఒక్క మాటతో భార్య వచ్చింది, బావమరిది వచ్చాడు, వాళ్ళిద్దరి మధ్య ఒక తాడు వచ్చింది. బావాబామ్మర్దులకు మాటా మాటా పెరిగి, పలకరింపులు ఆగిపోయాయనుకోండి. ఎండాకాలం వచ్చింది. చరియకు పట్టు నిండింది. ఇంకొకరిని పిలవడానికి లేదు. అప్పుడు ఎవరు ఎవరి గుడిసె ముందుకు పోతారు? ఒక అధ్యాయం మొత్తం నా ముందుకు వచ్చి కూర్చుంది. హైదరాబాద్‌లో ఎన్నేళ్ళు ఆలోచించినా ఈ తాడు నాకు తట్టేది కాదు.

ఇది కథలో రాసుకోవచ్చా అని అడిగాను. కాసేపు ఆలోచించాడు.

“రాస్కో. గని తాడు తెగినట్టు మాత్రం రాయకు.”

రాయను. ఆ మాట ఇచ్చే వచ్చాను. తాడు తెగితే కథ తేలికగా ముగిసిపోతుంది, చదివేవాళ్ళకు కన్నీళ్ళూ వస్తాయి. తెగకుండా ముగించాలంటే ఆ ఇద్దరి మధ్య మాట కలిపే దారి నేనే వెతకాలి. నాకిప్పుడు అదే కావాలి.

లేచి వచ్చేముందు ఆయన ఇంకో మాట అడిగాడు. మునిగిన ఊళ్ళ కథ రాస్తున్నావు కదా, మమ్మల్ని కూడా ఖాళీ చేయమంటారంటావా అని. 2019లో ఈ అడవుల్లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు నల్లమల చుట్టూ ఊళ్ళన్నీ లేచాయి. ఆ సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. ఆయన అది మర్చిపోలేదు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నను మాత్రం ఉన్నదున్నట్టు నోటు పుస్తకంలో రాసుకున్నాను. నా నవల గడిచిపోయిన ఊరి కథ అనుకుని మొదలుపెట్టినది. ఆయన వాకిట్లో అది గడిచిపోయినది కాదు.

గురువారం, మల్లెలతీర్థం

వటవర్లపల్లి దగ్గర రోడ్డు దిగి, అడవిలోకి పోయి, మెట్లు దిగాలి. వానలు తగ్గాయి కాబట్టి ధార సన్నబడింది, అయినా లోయంతా హోరు. మడుగు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు చీరలు పిండుకుంటూ మాట్లాడుకుంటున్నారు. హోరులో సగం మాటలు వినబడక మళ్ళీ మళ్ళీ అంటున్నారు. ప్రతిసారీ మాట చిన్నదైపోయింది. “పొద్దుగాల బస్సుకు పోదామా అంటున్న” అన్నది రెండోసారికి “బస్సుకా?” అయింది, మూడోసారికి చెయ్యి ఊపడమే మిగిలింది. అయినా ఇద్దరికీ అర్థమైంది. నా సంభాషణల్లో మూడోసారికి మిగిలేది ఎంత అని ఆ రాత్రి పాత పేజీలు తీసి కొట్టివేతలు మొదలుపెట్టాను. చాలా పోయాయి.

ఆ రోజు ఇంకేం చెయ్యలేదు. రాతి మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్నాను. అచ్చంపేటకు తిరిగి వచ్చి చిన్నమ్మ చేతి జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిని పడుకున్నాం.

శుక్రవారం, సోమశిల

కొల్లాపూర్ దారి పొడుగునా పత్తి ఏరేవాళ్ళు, కంది పూత. కరెంటు తీగ మీద పాలపిట్ట. కొల్లాపూర్ దాటితే మామిడి తోటలు, తోటలు దాటితే హఠాత్తుగా నీళ్ళు.

సోమశిల గుడి మునక నుంచి తరలించి పైన మళ్ళీ కట్టినది. రాళ్ళకు అంకెలు వేసి విప్పి, తెచ్చి, కూర్చడమనే పని కృష్ణ ఒడ్డున చాలా గుళ్ళకు జరిగింది. జటప్రోలు గుడి అలా వచ్చిందే, అలంపురం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరం అలా వచ్చిందే. అవతలి ఒడ్డున సప్తనదుల సంగమేశ్వరాన్ని మాత్రం కదపలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలో ఉండి, ఎండాకాలం బయటపడుతుంది. అక్కడి లింగం వేపమానుదంటారు. గుడిని విప్పి తీసుకుపోయారు, ఊరిని విప్పి తీసుకుపోలేదు. ఈ వాక్యం నా పాత్ర నోట పెట్టాను.

పడవ మాట్లాడుకున్నాం. పడవ నడిపేది అరవై దాటిన మనిషి. “నీళ్ళు ఎట్లున్నయే?” అని తమ్ముడు అడిగితే, “నిండుకు రెండడుగులు తక్కువ,” అన్నాడు. ఇక్కడ అందరికీ 885 తెలుసు. అది శ్రీశైలం జలాశయం నిండు మట్టం, అడుగుల్లో. పిల్లలు కూడా ఆ అంకె చెబుతారు.

నడిమధ్యకు వచ్చాక ఇంజను ఆపాడు. చుట్టూ నీళ్ళే. కుడి చేత్తో ఒక కొండ చూపించాడు. కొసన నల్లటి గుండు ఉంది. ఎడమ చేత్తో దూరాన ఇంకో కొండ, మధ్యలో గొడ్డలి పెట్టినట్టు నొక్కు.

“గా గుండు ముందలి గుట్ట అంచుకు తాకాలె. గా నొక్కుల నుంచి వెనక కొండ కనవడాలె. గా రెండు కలిసినయా, కింద మా ఊరు.”

పడవ కొంచెం కదిలింది. గుండు అంచు నుంచి జరిగింది. తెడ్డుతో రెండు వేట్లు వేశాడు. గుండు మళ్ళీ అంచుకు తాకింది.

“గిప్పుడు మా వాకిట్ల ఉన్నం.”

అతని వేలి వెంట నేను కిందికి చూశాను. ఆకుపచ్చ నీళ్ళు. అతను మాత్రం కిందికి చూడలేదు, కొండల్నే చూస్తున్నాడు. చిన్నప్పుడు వాకిట్లో నిలబడితే ఆ గుండు, ఆ నొక్కు సరిగ్గా అక్కడే కనబడేవట. ఇల్లు పోయింది, ఇంటి నుంచి కనబడేది మిగిలింది.

నా నవల ఆగిన చోటు ఇదే. ఆమె తన ఇంటిని ఎలా గుర్తుపడుతుంది? మొండిగోడ చూసి, బావి గట్టు చూసి అని ఏవేవో రాసి పెట్టుకున్నాను. ఇప్పుడు తెలిసింది, ఆమె కింద వెతకదు. నడుస్తూ పక్కకు జరుగుతూ, కొండల్ని కలుపుకుంటూ పోయి ఒకచోట ఆగుతుంది. కూడా వచ్చిన చెల్లెలి కూతురికి అదేమిటో అర్థం కాదు. “పెద్దమ్మా, ఇక్కడేం లేదు కదా,” అంటుంది. ఆ సన్నివేశం పడవలోనే రాశాను. పగలు కథ రాయకూడదన్న నియమం పక్కన పెట్టాను.

ఒడ్డుకు వచ్చాక పడవాయన డబ్బులు లెక్కపెట్టుకుంటూ అన్నాడు. “గిప్పుడు వస్తె ఏం గనవడ్తది అక్కా? నీళ్ళు దిగినంక రా. మా గడప రాయి గనవడ్తది. ఏటా పోయి కడిగి పసుపు వెట్టొస్త.” గడప రాయికి ఏటా పసుపు పెట్టే మనిషి నా ముందు నిలబడి చిల్లర వెతుకుతున్నాడు. ఆయన ఫోన్ నంబరు తీసుకున్నాను.

శనివారం, వైజాగ్ కాలనీ

పొద్దున్నే బయల్దేరి కల్వకుర్తి మీదుగా దేవరకొండ, అక్కడి నుంచి నేరేడుగొమ్ము మండలం. నల్లగొండ జిల్లాలో సాగర్ వెనక జలాల ఒడ్డున ఒక చిన్న ఊరు, పేరు వైజాగ్ కాలనీ. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. ప్రాజెక్టు వచ్చాక చేపల వేట కోసం విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే నిలిచిపోయాయి. ఇప్పుడు ఆదివారమైతే హైదరాబాద్ నుంచి జనం చేపల వేపుడు కోసం వస్తారు. శనివారం కాబట్టి పలచగా ఉన్నారు. సన్నటి ఒడ్డు, రెండు వైపులా కొండలు, నీళ్ళలో తెల్లటి పడవలు. చేప తాజాగా ఉంది, కారం బాగా పట్టించారు.

తిన్నాక ఇంటి ముందు వల బాగుచేస్తున్న ఒకామె పక్కన కూర్చున్నాను. చిరుగు చుట్టూ పాత దారాన్ని ముందు కత్తిరించి, రంధ్రాన్ని ఇంకా పెద్దది చేసి, అప్పుడు కొత్త ముళ్ళు వేసుకుంటూ వస్తోంది. ప్రతి కన్నూ వేలి మీద కొలుచుకుంటోంది. చిరుగు అంచునే పట్టుకుని కుట్టేస్తే మళ్ళీ అక్కడే చిరుగుతుందట, బలంగా ఉన్న దారం దాకా కోయాలట. ఆమె మాటలో విశాఖ యాస ఇంకా ఉంది. పక్కన ఆడుకుంటున్న పిల్లలు “ఏడికి వోతున్నవ్‌రా” అని అరుచుకుంటున్నారు.

ఏం రాస్తావని అడిగితే మునిగిన ఊరివాళ్ళ కథ అని చెప్పాను.

“మునిగినోళ్ళ కథా? మరి మా కథో? ఈ నీళ్ళు లేకపోతే మా ఊరే లేదు కదమ్మా.”

ఆమె కోపంగా అనలేదు. వల మీంచి కళ్ళు ఎత్తకుండానే అంది. శ్రీశైలం నీళ్ళు వేరు, సాగర్ నీళ్ళు వేరు అని నేను చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె అడిగింది అది కాదు. నా నవలలో నీళ్ళు అంటే నష్టమే. ఆ నీళ్ళ మీద బతుకు కట్టుకున్నవాళ్ళు ఒక్కరు కూడా లేరు. చివరి అధ్యాయంలో నా ఆమెను పడవ ఎక్కించేది ఎవరు అన్న ప్రశ్న ఇప్పటిదాకా నేను వేసుకోలేదు. పడవ ఉంది, నడిపేవాళ్ళకు ముఖం లేదు. ఇప్పుడు ఆ తెడ్డు దగ్గర ఒక ఆడమనిషి కూర్చుంది, తాతల ఊరు సముద్రం ఒడ్డున ఎక్కడో ఉన్నది, పుట్టింది మాత్రం ఇక్కడే. ఒకామె పోయిన ఊరి కోసం కొండల్ని కలుపుకుంటూ ఉంటే, ఇంకొకామె తన ఊరి మధ్యలోంచి పడవను నడుపుతూ ఉంటుంది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారో చీకటి పడేదాకా ఆ ఒడ్డునే కూర్చుని రాశాను. ఇంకా పూర్తి కాలేదు.

తాడు అధ్యాయం చిత్తుప్రతి సిద్ధమైంది. బావమరిది పిలవకముందే వచ్చి చరియ మీద కూర్చుని ఉంటాడు, ఇద్దరూ తేనె పట్టు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోరు. అది అచ్చయ్యే ముందు మన్ననూరు పోయి పెద్దాయనకు చదివి వినిపించాలి. గడప రాయి ఉండాల్సిన పేరా మాత్రం ఖాళీగా వదిలాను. ఆ రాయి ఎంత పొడుగో, దాని మీద చెక్కడం ఏమైనా ఉందో, పసుపు ఏ వైపు పెడతాడో చూడకుండా రాయను. ఫాల్గుణంలో నీళ్ళు దిగితే ఫోన్ చేస్తానని పడవాయన మాటిచ్చాడు. తమ్ముడికి ముందే సెలవు పెట్టుకోమని చెప్పాను.